బానెట్ మీద ఇస్త్రీ మడత

నోట్లో గుండుసూదులున్నంతసేపూ దర్జీ మాట్లాడడు. పొద్దున్న దుకాణం తెరిచినప్పుడు అవి నోట్లోకి వెళ్తాయి, సాయంత్రం తాళం వేసేటప్పుడు బయటికొస్తాయి. అప్పటికి ఇంట్లోవాళ్ళు అతని వంతు మాటలు కూడా తామే మాట్లాడేసి ఉంటారు. అందుకని వీధిలో అతనికి నోట్లో నాలుక లేని మనిషని పేరు. నాలుక లేకేం, ఉంది. దాని చుట్టూ సూదులున్నాయి, అంతే.

అతను నోరు విప్పే చోటు ఒకటుండేది. అది అత్తగారి కారు.

అత్తగారు బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి బస్సునిండా పిల్లల్ని ఒక్క గొంతుతో అదుపులో పెట్టింది కాబట్టి, ఆవిడ “కూర్చో” అంటే ఇప్పటికీ ఎదుటివాళ్ళు ఆలోచించకుండా కూర్చుంటారు. ఒకసారి ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్ట్‌మ్యాన్ కూడా కూర్చుని, ఎందుకు కూర్చున్నాడో తెలియక కాసేపు నేలచూపులు చూసి వెళ్ళాడు. భర్త పోయాక చిన్నకూతురి ఇంటి మేడమీద గదిలోకి మారినప్పుడు ఆవిడ వెంట తెచ్చుకున్నది ఒక పెట్టె, ఒక కారు. పెట్టెలో ఏముందో ఎవరికీ పట్టలేదు. కారు మాత్రం ముదురు ఎరుపు, పలకలు పలకలుగా ఉండే పాతకాలం బండి. బానెట్ మధ్యలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిన్నగా ఒక గట్టు లేచి ఉంటుంది.

దర్జీకి డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలన్న ఆశా లేదు. వారానికోసారి, దుకాణం సెలవు రోజున, అత్తగారే అతన్ని ఊరవతల టోకు బజారుకు తీసుకెళ్ళేది. గుండీలు, జిప్పులు, లైనింగు బట్ట మూటలు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడంటే ఇక అతని నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఏ ఉద్యోగి పొట్ట లోపలికి పీల్చి కొలతలిస్తాడో, ఎవరి పెళ్ళికోటు ఎన్నిసార్లు వదులు చేయాల్సొచ్చిందో, అన్నీ చెప్పేవాడు. ఆవిడ పకపకా నవ్వుతూ గేర్లు మార్చేది. “ఇంట్లో ఉలకడు పలకడు. మా అమ్మ కారెక్కితే మాత్రం రేడియో” అని భార్య మూతి ముడుచుకునేది గానీ, లోపల మురిసిపోయేది.

అలాంటిది అత్తగారి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఒకరోజు దారికడ్డంగా ఆగివున్న చెత్తబండిని చూసి, “ఏమండీ, కాస్త పక్కకి జరుగుతారా?” అని మర్యాదగా అడిగింది. చెత్తబండి జరగలేదు. ఆ రోజే ఇంటికొచ్చి తాళాలు మేకుకు తగిలించేసింది. రెండేళ్ళపాటు కారు దుకాణం పక్కనున్న ఖాళీ జాగాలో ఎండకు ఎండి వానకు తడిసింది. దర్జీ బజారుకు బస్సులో వెళ్ళాడు, నోరు మూసుకుని వచ్చాడు.

కిందటి నెల ఆపరేషన్ అయింది. చూపు వచ్చింది. రావడం కాదు, విరుచుకుపడింది.

మొదట సాలెగూళ్ళు దొరికాయి. తర్వాత కూతురి తలలో తెల్లవెంట్రుకలు. ఆ తర్వాత తన నీలం కోటుకు అల్లుడు నల్లదారంతో కుట్టిన గుండీలు. “కనపడదనేగా?” అని ఆవిడ అడిగితే దర్జీ సూదులు నోట్లో ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. కూతురు తుడిచిన ఏ గిన్నె అయినా రెండోసారి తుడవాల్సిందే. డాక్టరు ఇక కారు కూడా నడుపుకోవచ్చన్న రోజు మధ్యాహ్నం ఆవిడ మెట్లు దిగి పక్క జాగాలోకి వచ్చింది.

“ఇదెవరిది?”

“నీదేనమ్మా” అంది కూతురు.

“నాది ఎర్ర కారు.”

“ఇదే ఆ ఎర్ర కారు.”

“ఇది ఎరుపా? దీనికంటే నా చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి.”

నిజమే. ఎండ తగిలే వైపంతా వెలిసి, పాలిపోయిన గులాబీ రంగుకు దిగింది. వేలు పెట్టి రాస్తే సుద్దపొడిలా అంటుకుంటోంది. రోజూ చూసే వాళ్ళకు ఆ మార్పు తెలియలేదు. రెండేళ్ళు మసకలో ఉండి వచ్చిన మనిషికి ఒక్కసారే తెలిసింది.

“దీన్నేసుకుని నేను రోడ్డెక్కను. పరువు పోతుంది. అమ్మేయండి” అనేసింది ఆవిడ.

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు పెద్దల్లుడు దిగిపోయాడు. ఈయన ఫ్రిజ్‌ల షోరూంలో మేనేజరు. వారంటీ అయిపోయిన ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తాడు, అత్తగారితో సహా. “మీరు నిశ్చింతగా ఉండండి అత్తయ్యా. ఆదివారం కొనే మనిషిని నేనే వెంటబెట్టుకొస్తా” అన్నాడు.

అప్పుడు దర్జీ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి చొక్కాకు గుచ్చుకున్నాడు. పట్టపగలు, దుకాణం తెరిచి ఉండగా! భార్య ముక్కున వేలేసుకుంది.

“రంగు తిరిగొస్తే ఉంచుకుంటారా అత్తయ్యా?”

“ఎవరు తెస్తారు?”

“నేను.”

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా కొత్తకళ్ళతో చూసింది. “సరే. ఆదివారంలోగా తెస్తే ఉంచుకుంటా. లేదా, పెద్దల్లుడు చెప్పినట్టే.”

అన్నాడు గానీ, కారు రంగు గురించి దర్జీకి తెలిసింది సున్నా. తెలిసిందల్లా ఒకటే: కారు పోతే ఆ ముందు సీటు పోతుంది. అతనికి ఆ సీటంటే ప్రాణం. దాంట్లో కూర్చున్నప్పుడు తప్ప తనొక సరదా మనిషినన్న సంగతి అతనికే గుర్తుండేది కాదు.

మర్నాడే మెకానిక్‌ల వీధిలో పాలిష్ సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారుకు కార్లంటే పిచ్చి, కొత్తగా నేర్చుకునేవాళ్ళంటే జాలి. షాంపూ, బంకమట్టి ముద్దలాంటి ఒక క్లే, పాలిష్ డబ్బా, వ్యాక్స్ డబ్బా, మెత్తటి తువ్వాళ్ళు, అంటించుకునే టేపు, అన్నీ బల్లమీద వరసగా పెట్టాడు. “నీడలో చెయ్యండి. రేకు చల్లగా ఉండాలి. ముందు ఎవరికీ కనపడని చోట కొంచెం రుద్ది చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తుగా లేచిన చోట్ల రంగు పల్చగా ఉంటుంది. అక్కడ టేపు వేసుకోండి, తేలిగ్గా రుద్దండి” అన్నాడు. దర్జీ బుద్ధిగా తలూపాడు.

కడగడంతో మొదలుపెట్టాడు. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, ఇంకో బకెట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్ళు. “మీ కాలర్లు ఒక్కరోజైనా ఇంత శ్రద్ధగా ఉతుక్కున్నారా?” అంది భార్య, గుమ్మంలో నిలబడి. అతను వినిపించుకోలేదు. దుకాణదారు చెప్పినట్టు చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద నిమురుతున్నాడు. కంటికి నున్నగా కనిపించేదంతా సంచిలోంచి వేళ్ళకు గరుకుగా తగిలింది. బట్ట నేతను వేళ్ళతో పసిగట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి? క్లే ముద్దకు సబ్బునీళ్ళు చల్లుకుంటూ జారిస్తే, ఆ గరుకంతా ముద్దకు అంటుకుని వచ్చేసింది. ఇంతేనా కార్ల పని, అనుకున్నాడు.

అనుకోకుండా ఉండాల్సింది. తర్వాతి రోజు వెనక బంపరు పైన, ఎవరూ చూడని చోట, పాలిష్ పెట్టి గుండ్రంగా రెండు చుట్లు రుద్దాడో లేదో, తెల్లగుడ్డ ఎర్రబడింది. ఇంకో చుట్టు రుద్దాడు. ఇంకా ఎర్రబడింది. దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. రంగు దిగుతోంది! అతని లెక్కలో రంగు దిగే గుడ్డకు మందు ఒక్కటే. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఉప్పుడబ్బా బోర్లించి బకెట్టెడు ఉప్పునీళ్ళు కలుపుకొచ్చాడు.

“ఏంటండీ అది?” అంది భార్య.

“ఉప్పునీళ్ళు. పట్టిస్తే రంగు నిలబడుతుంది.”

“ఇది కారండీ, చొక్కా కాదు!”

“రంగు ఎక్కడైనా రంగే.” ఒక చెంబు పోసేశాడు కూడా.

భార్య ఇక అతనితో వాదించకుండా పాలిష్ దుకాణానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“అమ్మా” అన్నాడు దుకాణదారు విషయమంతా విన్నాక, చాలా నెమ్మదిగా. “మీ ఆయన్ని బకెట్ కింద పెట్టమనండి. పెట్టారా? ఇప్పుడు రెండడుగులు వెనక్కి వెయ్యమనండి.”

తర్వాత గొంతు పెంచాడు. ఉప్పు తగిలితే రేకు తుప్పు పట్టిపోతుందని, వెంటనే మంచినీళ్ళతో కడగమని. ఈ పాత కార్లకు రంగు మీద వేరే పూత ఉండదని, రంగే పైపొరని, గుడ్డకు అంటేది చచ్చిపోయిన రంగని. “చచ్చింది పోతేనే కదండీ, కింద బతికున్నది బయటికొచ్చేది! గుడ్డ ఎర్రబడితే సంతోషించాలి, ఉప్పెయ్యకూడదు!”

మేడమీద కిటికీలోంచి అత్తగారి గొంతు వచ్చింది. “ఉప్పు సరిపోయిందిగా, మిరియాలు కూడా చల్లి పైకి పంపండి. భోజనం ఇంకా పెట్టలేదు.”

దర్జీ సిగ్గుతో చచ్చి, బకెట్లకు బకెట్లు మంచినీళ్ళు కొట్టాడు. కానీ గుడ్డతో తుడిచాక, రుద్దిన ఆ అరచేతంత చోట ఒక రంగు కనిపించింది. ముదురు ఎరుపు. రెండేళ్ళుగా ఎక్కడికీ పోకుండా, లోపలే ఉన్న ఎరుపు. అతను దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడంటే, కొలతలివ్వడానికి వచ్చిన గిరాకీ ఆయన తన కొలతలు తనే తీసుకుని కాగితం మీద రాసిపెట్టి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి అతనికి కారే లోకమైంది. పొద్దున్న దుకాణం తెరవకముందు ఒక తలుపు, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఒక మడ్‌గార్డు. జాగాలో ఎండ ఎటు తిరిగితే అటు పాత దుప్పటి పందిరి కట్టాడు. మెకానిక్‌ను పిలిపించి కొత్త బ్యాటరీ, పెట్రోలు కూడా వేయించాడు. వీధిలో వాళ్ళందరూ ఉన్నట్టుండి పాలిష్ పండితులైపోయారు. ఒకరు గుండ్రంగా రుద్దమంటే ఒకరు నిలువుగా రుద్దమన్నారు. ఇంకొకాయన అయితే ఏమీ చెప్పకుండా రోజూ కుర్చీ తెచ్చుకుని మరీ చూశాడు. ఒక పెద్దమనిషి పాంటు మీద ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి, దానికి దర్జీ ఉచితంగా ఇంకో పాంటు కుట్టాల్సొచ్చింది. భుజాలు పీకేస్తున్నా, చేతులు పడిపోతున్నా, ముఖంలో మాత్రం వెలుగు. మేడమీద కిటికీ తెర అప్పుడప్పుడూ కదిలేది. అతను తలెత్తితే ఆగిపోయేది.

బానెట్‌ను చివరికి ఉంచుకున్నాడు. కోటుకు ఛాతీ ఎలాగో కారుకు బానెట్ అలాగని అతని నమ్మకం. శనివారం మధ్యాహ్నానికి అటు సగం, ఇటు సగం నిగనిగలాడాయి. మిగిలింది మధ్యలో నిటారుగా లేచిన ఆ గట్టు. దాని మీద టేపు వేసే ఉంది. అది తీసి, చివర్లో సుతారంగా రెండుసార్లు రుద్దితే పని అయిపోయినట్టే.

టేపు తీశాడు. గట్టు వైపు చూశాడు. పాతికేళ్ళుగా పాంట్లు ఇస్త్రీ చేస్తున్న మనిషి. అలా తిన్నగా ఒక గీత కనిపిస్తే అతని చేయి ఏం చేస్తుంది? దుకాణదారు చెప్పిన మాట తలకు గుర్తుంది, చేతికి లేదు. మడత అన్నాక కత్తిలా నిలబడాలి, ఒత్తి లాగాలి. బొటనవేలు ఆనించి, ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, ఊపిరి బిగబట్టి లాగాడు. గుడ్డ ఎర్రబడింది. సంతోషించాడు. ఇంకా లాగాడు.

గుడ్డ తీసేసరికి గట్టు మీద జానెడు పొడుగున ఎరుపు లేదు. కింద వేసిన బూడిదరంగు పూత, పాంటు మడత అంత తిన్నగా, చక్కగా, బయటపడి ఉంది.

దర్జీ అక్కడే నేలమీద కూలబడ్డాడు. భార్య పరిగెత్తుకొచ్చి చూసి, మొదట తిడదామనుకుంది. అతని ముఖం చూసి మానుకుంది. “నా గోళ్ళరంగు ఇంచుమించు ఇదే ఎరుపండీ. పైపైన రాసేద్దామా?” అని గుసగుసలాడింది.

“ఆవిడ నీలం కోటు మీద నల్లదారం పట్టేసిన మనిషే” అన్నాడతను. “వద్దు. నేనే చెప్పేస్తాను.”

లేచి, మిగిలిన పని ముగించాడు. కారు మొత్తానికీ పలచగా వ్యాక్స్ రాసి, అది మసకబారాక మెత్తటి గుడ్డతో తుడిచాడు. బూడిద గీత మీద కూడా రాశాడు, దానికి మాత్రం కాపలా అక్కర్లేదా అని. ఆ సాయంత్రం దుకాణం మూశాక అతను నోట్లోంచి సూదులు తీయడం మర్చిపోయి భోజనానికి కూర్చున్నాడు.

ఆదివారం పెద్దల్లుడు కొనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. జాగాలోకి అడుగుపెట్టి నోరు తెరిచాడు.

“తమ్ముడూ! ఇది అదే కారా? దీన్ని చూసి ఎవరైనా కొంటారా అని సిగ్గుపడుతూ వచ్చాను. ఇప్పుడైతే ఎగరేసుకుపోతారు!”

తన గొయ్యి తానే తవ్వుకున్నానని దర్జీకి అప్పుడు తెలిసింది. అత్తగారు మెట్లు దిగి వచ్చింది. కారు చుట్టూ మెల్లగా తిరిగింది. తలుపు మీద చెయ్యేసింది, తీసింది. వెనక అద్దం దగ్గర ఆగి, ఎర్రటి రేకులో కనిపిస్తున్న తన ముఖాన్ని చూసుకుంది. ముందుకొచ్చి బానెట్ దగ్గర నిలబడిపోయింది.

“ఇదేంటి?”

“నా వల్లే అత్తయ్యా. పాంటు మడత అనుకుని ఒత్తేశాను” అన్నాడు దర్జీ తలవంచుకుని.

“అయితే షరతు ప్రకారం రంగు పూర్తిగా రానట్టేగా?” అన్నాడు పెద్దల్లుడు.

కొనడానికి వచ్చినాయన వంగి ఆ గీత మీద గోరుతో గీకాడు. ధర తగ్గించడానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అని వచ్చిన మనిషి, దొరికింది కదా అని రెచ్చిపోయాడు. “అబ్బే, బండి పాడుచేశారండీ. చెయ్యి తిరగని వెధవెవడో అడ్డదిడ్డంగా రుద్దిపారేశాడు. ఇలాంటి గాడిదల చేతికి కారిస్తే...”

“కూర్చో” అంది అత్తగారు.

ఆయన చుట్టూ చూసి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

“ఆ గాడిద మా చిన్నల్లుడు. అతన్ని తిట్టాలనుకుంటే ఇంట్లో నేనున్నాను, మా అమ్మాయి ఉంది. మా ఇద్దరికే వంతు సరిపోవట్లేదు, మధ్యలో నువ్వెవరయ్యా? కారూ లేదు, అమ్మకమూ లేదు. ఇక లే.”

ఆయన లేచాడు. పెద్దల్లుడు ఏదో చెప్పబోయి, తనను కూడా కూర్చోమంటుందేమోనని భయపడి, ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

భార్య పరుగున వెళ్ళి తాళాలు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఆవిడ ఎక్కి కూర్చుంది. దర్జీ ఇటువైపునుంచి ఎక్కి తలుపేసుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ సీటు! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనన్ని కబుర్లు గొంతుదాకా వచ్చి ఉన్నాయి. కానీ కారు కదల్లేదు. ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, తాళం తిప్పకుండా ఎదురుగా చూస్తోంది.

“అల్లుడూ.”

“చెప్పండి అత్తయ్యా.”

“నాకు భయంగా ఉంది.”

ఆ గొంతులో ఆ మాట అతను ఎన్నడూ వినలేదు.

“కళ్ళొచ్చాయి గానీ ధైర్యం రాలేదయ్యా. నడుపుకోవచ్చని డాక్టరన్న రోజే గుండెల్లో రాయి పడింది. అందరూ ఎక్కు ఎక్కు అంటారు, ఎలారా దేవుడా అనుకుంటూ కిందికి వస్తే, కారు వెలిసిపోయి ఉంది. హమ్మయ్య, వంక దొరికింది అనుకున్నా.”

“మరి రంగు తెస్తే ఉంచుకుంటానన్నారుగా?”

“నీ వల్ల ఎక్కడవుతుందిలే అనుకున్నా. తీరా నువ్వు తెచ్చేశావు. నాకిప్పుడు వంక లేదు.”

దర్జీ కాసేపు తన ఎర్రబడిన వేళ్ళను చూసుకున్నాడు. ఆ సీటు కోసం అతను ఎంత రుద్దాడో ఆ వేళ్ళకు తెలుసు.

“ఆ బూడిద గీత ఉందిగా అత్తయ్యా. దాన్ని వంక పెట్టుకోండి. నేను పాడుచేశానని, అందుకే నడపడం లేదని అందరికీ చెప్పండి. నేనూ అదే చెప్తాను. మీకు భయమన్న మాట నా నోట రాదు.”

ఆవిడ తల తిప్పి అతని వైపు చూసింది. ఆపరేషనైన ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవిడ వాటిని దాచుకోలేదు. తర్వాత ముందుకు తిరిగి, తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

“అయితే ఒక్క పని చెయ్యి. నోరు మూయకు. మాట్లాడుతూ ఉండు. పక్కన నీ గొంతు వినబడుతుంటే నా చేతులు వణకవు. ఇప్పుడే కాదు, చూపు తగ్గుతున్న రోజుల్లోనూ అంతే. నీకా సంగతి తెలియదు.”

నిజంగానే తెలియదు. అన్నేళ్ళూ ఆవిడే తనకు దయతో సీటిచ్చిందనుకున్నాడు. ఇప్పుడా మాట వినేసరికి గొంతులో ఉన్న కబుర్లన్నీ ఎటు పోయాయో పోయాయి, ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. కారేమో మొదటి గేరులో మెల్లగా రోడ్డు మీదికి వచ్చేసింది. ఇక వేరే దారి లేక దర్జీ కళ్ళు తుడుచుకుని, కనిపించినదల్లా పైకి చెప్పడం మొదలుపెట్టాడు. “అదిగోండి అత్తయ్యా, కరెంటు స్తంభం. దాని పక్కన ఒకావిడ, గొడుగుంది కానీ వేసుకోలేదు. తర్వాత ఒక కుక్క...”

“కుక్క నాకూ కనిపిస్తోంది” అంది అత్తగారు. “అయినా చెప్పు.”